వాగులోకి దిగే ముందు



2022 జూలై రెండో వారంలో ఉత్తర తెలంగాణను ముసురు పట్టి విడవలేదు. చెరువులు మత్తళ్లు దుంకాయి, ఒర్రెలు వాగులయ్యాయి, వాగులు ఊళ్ల మీదికి వచ్చాయి. 13వ తేదీన కడెం ప్రాజెక్టుకు దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి పడింది. ఆ గేట్ల గుండా వదలగలిగేది సుమారు 3 లక్షలు. 18 గేట్లలో 17 మాత్రమే తెరుచుకున్నాయి. కట్ట తెగుతుందేమోనని రాష్ట్రమంతా అటే చూస్తున్న ఆ రోజే, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా దహెగాం మండలంలో వరదలో చిక్కుకున్న ఒక గర్భిణిని తరలించడానికి సింగరేణి బొగ్గు గనుల రెస్క్యూ జట్టు వెళ్లింది. పెద్దవాగు వరదలో ఆ జట్టులోని ఇద్దరు కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. మర్నాడు చెన్నూరు మండలం సోమన్‌పల్లి దగ్గర నీళ్ల ట్యాంకు ఎక్కి నిలబడ్డ ఇద్దరిని వాయుసేన హెలికాప్టర్ కాపాడింది. ఆ దృశ్యాన్ని జనం టీవీల్లో పదే పదే చూశారు, ఇప్పటికీ చెప్పుకుంటారు. దహెగాంలో పోయిన ఇద్దరి సంగతి రెండు మూడు రోజుల వార్తగా వచ్చి పోయింది. వాళ్ల త్యాగాన్ని తలుచుకోవడం మన బాధ్యత. అయితే తలుచుకోవడంతోనే మన పని అయిపోయిందనుకుంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే. కాపాడటానికి వెళ్లే మనిషి ప్రాణాన్ని రక్షణ లెక్కలో అందరికంటే ముందు రాసుకోవాలి, అలా రాసుకునే ఏర్పాటు వాగు పొంగకముందే ఉండాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సూత్రం కాదు. ఆ ఇద్దరు పనిచేసిన సింగరేణిలోనే భూమి లోపల ఈ సూత్రం ఏళ్ల తరబడి నడుస్తున్నది. బొగ్గుబాయిలో మంట లేచినా, విషవాయువు కమ్మినా, పైకప్పు కూలినా లోపలికి పోయేది రెస్క్యూ జట్టే. రామగుండంలో వాళ్ల ప్రధాన కేంద్రం ఉంది. 1985 నాటి గనుల రక్షణ నిబంధనల ప్రకారం వాళ్ల శిక్షణ, సామగ్రి, వైద్య పరీక్షలు అన్నీ నడుస్తాయి. జట్టంటే అయిదారుగురు, వాళ్లకొక నాయకుడు. వీపున ఆక్సిజన్ పరికరం, ముఖానికి తొడుగు. వాళ్లు లోపలికి పోయే దారిలో, మంచి గాలి ఉన్న చివరి చోట ఒక స్థావరం పెడతారు. ఫ్రెష్ ఎయిర్ బేస్ అని దానికి పేరు. అక్కడ పూర్తి సామగ్రితో ఇంకో జట్టు కూర్చుని ఉంటుంది. లోపలికి పోయినవాళ్లకు ఏమైనా అయితే తెచ్చేది ఆ రెండో జట్టు. నాయకుడు దారిలో ఆగి ఆగి ఒక్కొక్కరి గేజీ చూస్తాడు. ఎవరి సిలిండర్‌లో అందరికంటే తక్కువ గాలి ఉందో, జట్టంతటికీ అదే లెక్క. పోవడానికి ఎంత ఖర్చయిందో, రావడానికి అంతకంటే బాగా ఎక్కువ మిగిలి ఉండాలి. ఒక్కరికి తల తిరిగినా జట్టు మొత్తం వెనక్కి మళ్లాల్సిందే. ముందు పదడుగుల దూరంలో మనిషి ఉన్నాడని తెలిసినా సరే, గేజీ చెప్పిందే మాట.

బయటివాళ్లకు ఇది నిర్దయగా కనిపిస్తుంది. కానీ గనుల చరిత్రలో తోటివాడి కోసం ముక్కుకు గుడ్డ కట్టుకుని పరుగెత్తి, వాడి పక్కనే పడిపోయిన మనుషులు ఎందరో ఉన్నారు. ఈ నియమాలు వాళ్ల చావుల్లోంచి పుట్టాయి. దహెగాం ఘటనకు నాలుగు నెలల ముందు, 2022 మార్చి 7న, రామగుండం ప్రాంతంలోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలింది. ముగ్గురు మరణించారు, శిథిలాల్లో చిక్కిన మరికొందరిని రెస్క్యూ జట్లు ప్రాణాలతో బయటికి తెచ్చాయి. మళ్లీ ఎప్పుడు కూలుతుందో తెలియని కప్పు కింద, రోజుల తరబడి, అంగుళం అంగుళం ఆసరా పెట్టుకుంటూ చేసిన పని అది. అక్కడ చూపిన తెగువకు ఈ నియమాలు అడ్డు రాలేదు. నియమాలు ఉండబట్టే ఆ తెగువ మనుషులను బయటికి తేగలిగింది.

మరి అదే సంస్థ మనుషులు వాగు ఒడ్డుకు వెళ్లినప్పుడు ఆ క్రమశిక్షణ వాళ్ల వెంట వెళ్లే ఏర్పాటు మన దగ్గర ఉందా? ఆ రోజు ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో చెప్పి ఒకరిని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. నేను అడిగేది మనందరి అలవాటు గురించి. విపత్తు వస్తే యూనిఫారం ఉన్నవాళ్లను, ధైర్యం ఉన్నవాళ్లను పిలుస్తాం. ఏ విపత్తుకు ఏ విద్య కావాలో చూడం. బొగ్గుబాయి రక్షణ విద్య అంతా గాలి చుట్టూ, పైకప్పు చుట్టూ తిరుగుతుంది. పారే నీటిది వేరే విద్య. ప్రవాహ వేగం రెండింతలైతే అది మనిషిని తోసే బలం నాలుగింతలవుతుంది. మోకాలి లోతు నీళ్లే కదా అని దిగినవాడు నాలుగడుగులు వేసేసరికి కాళ్ల కింద ఇసుక కోసుకుపోతుంది. చెరువులో ఈత వచ్చినంత మాత్రాన వరదలో ఈత వచ్చినట్టు కాదు.

ఒక్క తాడు సంగతే చూడండి. నడుముకు తాడు కట్టి, ఇంకో కొసను ఒడ్డున పదిమంది పట్టుకుని, మనిషిని వాగులోకి దింపడం మన ఊళ్లలో సాధారణంగా చూస్తాం. చూసేవాళ్లకు ధైర్యంగా ఉంటుంది, దిగేవాడికీ ధైర్యంగానే ఉంటుంది. కానీ కాలు జారిన క్షణంలో ఏం జరుగుతుంది? వెనక తాడు బిగుస్తుంది, ముందుకు ప్రవాహం తోస్తుంది. ఆ రెండింటి మధ్య మనిషి తేలలేడు, నీటి కిందికి పోతాడు. ఒడ్డునున్నవాళ్లు కాపాడాలని ఎంత గట్టిగా గుంజితే అంత లోపలికి. నడుముకు బిగిసిన ముడి ఆ స్థితిలో ఏ చేతికీ ఊడదు. అందుకే వరద రక్షణలో తర్ఫీదు పొందినవాళ్లు ఒంటికి తాడు ముడివేయరు. వాళ్ల లైఫ్ జాకెట్‌కు ఒక్క గుంజుడుతో ఊడిపోయే పట్టీ ఉంటుంది, తాడు తగిలించేది దానికే. అంతకంటే ముందు నీళ్లలోకి దిగకుండా అయ్యే పని ఏదైనా ఉందా అని చూస్తారు. ఒడ్డు మీంచి మాట అందుతుందా, కర్ర అందుతుందా, సంచిలో చుట్టిపెట్టిన తేలే తాడును విసిరితే అందుతుందా, పడవ పోతుందా? ఇవన్నీ కాదంటేనే మనిషి దిగుతాడు. దిగే ముందు ఎగువన ఒకరు నిలబడతారు, కొట్టుకొచ్చే చెట్ల మొద్దులను చూసి ఈల వేయడానికి. దిగువన ఇంకొందరు నిలబడతారు, జారినవాడిని అందుకోవడానికి. బాయిలో మంచిగాలి దగ్గర కూర్చునే రెండో జట్టుకూ దిగువన నిలబడ్డ ఈ మనుషులకూ పని ఒక్కటే. వీటిలో ఏదీ కోట్ల రూపాయల యంత్రం కాదు. తాడు, జాకెట్, ఈల, నేర్పు, లెక్క ప్రకారం మనుషులు.

అన్నీ ఉన్న దేశాల్లోనూ రక్షకులు చనిపోతారు, నిజమే. అమెరికాలోని మౌంట్ రేనియర్ 14,410 అడుగుల మంచు పర్వతం. అక్కడి నేషనల్ పార్కులో పర్వతారోహకులను కాపాడే పని రేంజర్లది. 2012 జూన్ 21న నలుగురు ఆరోహకులు ఎమ్మన్స్ హిమనదం మీద ప్రమాదంలో పడ్డారు. వాళ్లను హెలికాప్టర్‌లోకి చేర్చే పనిలో ఉన్న నిక్ హాల్ అనే రేంజర్ సుమారు 13,700 అడుగుల ఎత్తు నుంచి వాలు మీద జారిపోయి మరణించాడు. ఆయన ఎవరి కోసం వెళ్లాడో వాళ్లు నలుగురూ బతికారు. అంతకు ముందు 1995 ఆగస్టులో అదే హిమనదం మీద, గాయపడ్డ ఆరోహకుడి కోసం ఎక్కుతూ షాన్ రయన్, ఫిలిప్ ఓటిస్ అనే ఇద్దరు యువ రక్షకులు చనిపోయారు. హాల్ ఉదంతంలో నాకు ముఖ్యమనిపించేవి ఆయన మరణం తర్వాత జరిగిన రెండు సంగతులు. హాల్ మృతదేహం కొండ మీదే ఉండిపోయింది. వాతావరణం బాగాలేదు, మంచు విరిగిపడే ప్రమాదం ఉంది. తమ సొంత మనిషి, తమతో కలిసి తిన్నవాడు, అయినా సహచరులు తొందరపడలేదు. దాదాపు రెండు వారాలు ఆగి, జూలై 5న కిందికి తెచ్చారు. రెండోది, ఆయన మరణంపై విచారణ జరిపి ఏం జరిగిందో బయటపెట్టారు. ఆ సమయంలో ఆయన ఏ తాడుకూ, ఏ మేకుకూ తగిలించుకుని లేడనీ, మంచు గొడ్డలి చేతిలో లేదనీ దాపరికం లేకుండా చెప్పారు. ఆ మాటతో ఆయన గౌరవం ఏమీ తగ్గలేదు. తర్వాత అదే వాలు మీదికి పోయే రేంజర్‌కు ఆ నిజం తెలిసి ఉండాలి కదా.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. అవతల నొప్పులు పడుతున్న తల్లి ఉంది, ఇవతల మీరు గేజీలు, జట్లు, ఈలలు అంటున్నారు, అంత టైం ఎక్కడిది అని అడుగుతారు. అడగాల్సిన మాటే. కానీ టైం లేకపోవడం ఎక్కడ మొదలైందో చూద్దాం. గర్భిణి ప్రసవ తేదీ ఆశా కార్యకర్త రిజిస్టర్‌లో నెలల ముందే ఉంటుంది. జూలైలో వాగు వస్తుందని ఆ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఏ లో లెవల్ వంతెన ముందు మునుగుతుందో, ఏ గూడేనికి దారి తెగుతుందో ఏటా అవే పేర్లు. ఈ మూడు విషయాలను ఒక కాగితం మీద పక్కపక్కన రాస్తే, ఏ తల్లిని ఏ వారంలో వాగు ఇవతలి ఆసుపత్రికో, బంధువుల ఇంటికో చేర్చాలో జూన్‌లోనే తేలిపోతుంది. వరద నడుమ చేసే సాహసాల్లో చాలావాటి వెనుక వేసవిలో చేయని పని ఒకటి ఉంటుంది. ఆ బాకీ తీర్చడానికి ఒకరి ప్రాణం పోతే, ఆ మరణానికి కారణం వాగు ఒక్కటే అని నేను అనుకోను. వంతెన కట్టనందుకు, తల్లిని ముందే తరలించనందుకు జవాబు చెప్పాల్సినవాళ్లు ఒడ్డున ఉండరు. దిగాల్సినవాడు మాత్రం ఉంటాడు.

ముందే ఏర్పాటు చేసుకోవడం మనకు చేతకాని పని కాదు. మన వేములవాడలో శివరాత్రికి ఎన్ని రోజుల ముందు నుంచి సమీక్షలు నడుస్తాయో తెలిసిందే. క్యూలైన్లు, తాగునీళ్లు, వైద్య శిబిరాలు, ఎక్కడ ఎవరు నిలబడాలో అన్నీ రాసుకుంటారు. రాజన్నకు మొక్కి మేడారం జాతరకు పోయే లక్షల మంది జంపన్నవాగులో స్నానం చేస్తారు. ఆ వాగు పొడుగునా గజ ఈతగాళ్లను ముందే నిలబెడతారు. ఎవరో మునిగాక పిలవడం కాదు, మునగకముందే అక్కడ మనిషి ఉంటాడు. జాతరకు చేయగలిగింది వానాకాలానికి ఎందుకు చేయలేం? జాతర తేదీ తెలుసు, వరద తేదీ తెలియదు అంటారేమో. తేదీ తెలియకపోయినా నెల తెలుసు, చోటు తెలుసు. మన రాజన్న సిరిసిల్ల జిల్లాలోనే 2021 ఆగస్టు ఆఖరున గంభీరావుపేట, లింగన్నపేట మధ్య మానేరు వాగులో ఆర్టీసీ బస్సు చిక్కుకుంది. ప్రయాణికులను బయటికి తెచ్చింది ఊరివాళ్లే. ఆ తర్వాత బస్సు కొట్టుకుపోయింది. నాలుగేళ్లకు, 2025 ఆగస్టులో, అదే గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర ఎగువ మానేరు వరదలో రైతులు చిక్కుకుంటే హెలికాప్టర్ రావాల్సి వచ్చింది. ఇన్నిసార్లు చెప్పి వచ్చే ఆపదను అనుకోని ఆపద అనడం నాకు సరికాదనిపిస్తుంది.

రెండో అభ్యంతరం ధైర్యం గురించి. లెక్కలు చూసుకుంటూ కూర్చుంటే ఎవడూ ముందుకు రాడు, సాహసికి నియమాలేమిటి అంటారు. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగి, ప్రకాశ్ నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు. గంటలు గడిచినా వాళ్లకు సాయం అందలేదు. జేసీబీ డ్రైవర్ సుభాన్ ఖాన్ తన యంత్రం మీద ఆ వరదలోకి వెళ్లి తొమ్మిది మందినీ తెచ్చాడు. ఆ మనిషికి చేతులెత్తి మొక్కాలి, సందేహం లేదు. కానీ ఆ యంత్రం బోల్తా పడి ఉంటే? తెగువ అంతే ఉండేది, మనసు అంతే ఉండేది. మనం మాత్రం ఆయన పేరును దహెగాం ఇద్దరి పేర్లతో పాటు మరిచిపోయేవాళ్లం. గెలిచిన సాహసాన్ని ఊరేగించి, ఓడిన సాహసాన్ని విధి రాత అనడం వల్ల రెండింటి నుంచీ ఏమీ నేర్చుకోం. పైగా గెలిచిన కథ ఇంకో కుర్రాడిని జాకెట్ లేకుండా వాగులోకి పంపుతుంది.

ఇక్కడే బాయికీ వాగుకూ ఒక పెద్ద తేడా చెప్పాలి. బాయి లోపల రెస్క్యూ జట్టును చూసేవాళ్లు ఉండరు. నాయకుడు వెనక్కి తిరుగుదాం అంటే ఎవరూ ఎగతాళి చేయరు. వాగు ఒడ్డున ఊరు ఊరంతా ఉంటుంది. సెల్‌ఫోన్లు, టీవీ మైకులు, పై నుంచి గంటకోసారి ఏమైందంటూ ఫోన్లు. బాధితుల ఏడుపు, వాళ్ల మనుషుల తిట్లు. ఇలాంటి చోట ఇప్పుడు దిగొద్దు అనే మాట అనడానికి దిగడానికి కావాల్సినంత ధైర్యమే కావాలి. ఆ మాట అనే అధికారం ఒక మనిషికి కాగితం మీద ఇచ్చి ఉంటే తప్ప, ఆ ఒత్తిడిలో ఎవరూ అనలేరు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు సైన్యం, ఎన్‌డీఆర్‌ఎఫ్, సింగరేణి జట్లు, ర్యాట్ హోల్ మైనర్లు వారాల తరబడి బురదలో, నీటి ఊటలో పనిచేశారు. చివరి కొన్ని పదుల మీటర్లు మళ్లీ కూలే ప్రమాదం ఉందని అక్కడ ఆగారు. రెండు మృతదేహాలే దొరికాయి. మిగతా కుటుంబాల బాధ తీరేది కాదు. ఎందుకు ఆగారని చాలామంది అడిగారు, అడిగే హక్కు ఆ కుటుంబాలకు పూర్తిగా ఉంది. కానీ లోపలికి వెళ్లిన వందల మంది మళ్లీ ఇంటికి చేరారు. ఆగమన్న నిర్ణయం కూడా రక్షణలో భాగమే.

తెలిసీ ప్రమాదంలో దూకినవాళ్ల కోసం ఇంకొకరు ఎందుకు చావాలి అనే ప్రశ్న కూడా వింటుంటాం. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతం చూడబోయి సుమారు 80 మంది పర్యాటకులు వాగు పొంగి అడవిలో చిక్కుకున్నారు. చిమ్మచీకట్లో, వానలో ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు వెళ్లి తెచ్చారు. వాళ్ల నిర్లక్ష్యానికి తర్వాత జరిమానా వేయండి, కేసు పెట్టండి. ఆపదలో ఉన్నప్పుడు మాత్రం వాళ్ల తప్పు చూసి చేయి చాపడం మానలేం, మానితే అది రక్షణ కాదు. అయితే ఇందులో రక్షకుడి మీద ఇంకో భారం ఉంది. తన ప్రాణం ఎవరి అజాగ్రత్త వల్ల ప్రమాదంలో పడుతుందో ఎంచుకునే వీలు అతనికి లేదు. కాబట్టి ఆ ప్రాణానికి కాపు మనం మరింత గట్టిగా పెట్టాలి.

చనిపోయినవాళ్ల గురించి ఇలా ప్రశ్నలు వేయడం కుటుంబాలను నొప్పించడం కాదా అని సున్నితంగా అనేవాళ్లు ఉన్నారు. దహెగాం ఘటన జరిగిన ఏడాదిలోనే, నవంబర్ 22న, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు పోడు భూముల తగాదాలో దాడికి గురై మరణించారు. అది రక్షణ చర్య కాదు, సందర్భం వేరు. కానీ ఆయన అంత్యక్రియల నాడే సహోద్యోగులు అడిగిన ప్రశ్న, మమ్మల్ని ఏ రక్షణతో అడవికి పంపుతున్నారు అని. ఆ దుఃఖంలో అలా అడగగలిగినవాళ్లు ఆయనను అవమానించలేదు, ఆయన తర్వాత వెళ్లబోయేవాళ్ల తరఫున మాట్లాడారు. పరిహారం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, ఇవన్నీ ఇవ్వాల్సినవే. అవి పోయినవాడి ఇంటికి చేరతాయి. వచ్చే వానాకాలంలో వాగు ఒడ్డుకు పోయేవాడికి చేరాల్సింది మరొకటి ఉంది.

ఉద్యోగం లేని రక్షకుల మాట కూడా చెప్పాలి. పోలీసులు మొదట కబురు పంపేది చేపలు పట్టే కుటుంబాల్లోని గజ ఈతగాళ్లకు. లారీ ట్యూబు, నాలుగు థర్మాకోల్ షీట్లు, ఒక తాడు పట్టుకుని వాళ్లు వస్తారు. శవాన్ని తేవాల్సినా, మనిషిని తేవాల్సినా వాళ్లే. పని అయ్యాక చేతిలో కొంత డబ్బు పెడితే పెడతారు, లేకపోతే లేదు. వాళ్లకు జీతం లేదు, చావుకు లెక్క లేదు. 2024 ఆఖరున రాష్ట్రానికి ప్రత్యేక విపత్తు స్పందన దళం వచ్చింది, మంచిదే. కానీ ఆ దళం ఎంత త్వరగా బయలుదేరినా, దహెగాం వంటి మండలానికి వాగులు దాటి చేరేలోపు నీళ్లలో దిగేది పక్క ఊరి మనిషే. శిక్షణ, జాకెట్టు, విసిరే తాడు ముందు అతనికి అందాలి.

వచ్చే మృగశిర కార్తె లోపు ప్రతి మండలంలో ఒక జాబితా తయారు కావాలి. అందులో ఏటా మునిగే దారుల పేర్లు, ఆ దారి అవతల నెలలు నిండుతున్న తల్లుల వివరాలు, పిలిస్తే వచ్చే ఈతగాళ్ల పేర్లు, రెస్క్యూ సిబ్బంది పేర్లు ఉండాలి. ప్రతి ఈతగాడి పేరు ఎదుట బీమా పాలసీ నంబరు, అతని వెనుక దిగువన నిలబడేవాళ్ల పేర్లు ఉండాలి. చివర్లో ఒక గడి. ఆ ఒడ్డున ఇక చాలు, వెనక్కి రండి అని చెప్పే అధికారం ఎవరిదో అందులో సంతకంతో సహా రాసి ఉండాలి.